రాకు... అంటూనే రమ్మంటుంది!

పేరు వింటే మనకు నవ్వొస్తుంది. ఎవరో 'దగ్గరకు రాకు' అని కసిరినట్టే ఉంటుంది. ఎర్రగా కాలిన మట్టిపాత్రను బట్టీలోంచి పట్టకారుతో లాగేటప్పుడు పిల్లలకు చెప్పాల్సిన మొదటి మాట కూడా అదే! జపాన్ వాళ్ల భాషలో మాత్రం రాకు అంటే హాయి, ఆనందం.

ఇది పదహారో శతాబ్దపు ముచ్చట. క్యోటో నగరంలో సెన్ నో రిక్యూ అనే తేనీటి గురువు తన విందుల కోసం ఆడంబరం లేని గిన్నెలు కావాలన్నాడు. చోజిరో అనే పనివాడు సారె కూడా వాడకుండా వట్టి చేతుల్తో మలిచి, కాలుతుండగానే బయటికి తీసి చల్లార్చి ఇచ్చాడు. ఆ కుటుంబానికి రాకు అన్నదే ఇంటిపేరైంది. 2019లో పదహారో తరం వారసుడు బాధ్యత తీసుకున్నాడు. మనం పిల్లల ఫొటోల్లో చూసే పొగ, మంటల రాకు మాత్రం అచ్చంగా జపాన్‌ది కాదు. 1960లో పాల్ సోల్డ్‌నర్ అనే అమెరికా అధ్యాపకుడు వేడి పాత్రను తీసి ఎండుటాకుల్లో పొర్లించాడు. అక్కణ్నుంచే అది కాలేజీలకూ బడులకూ పాకింది.

బడికి ఇదే ఎందుకు నచ్చిందంటే... ఆత్రం తీరుతుంది కాబట్టి. మామూలు ఆవంలో కుండలు పేర్చి నిప్పు పెడితే, ఏమైందో తెలియాలంటే మర్నాటిదాకా ఆగాలి. రాకు అలా కాదు. ముందుగా ఒకసారి కాల్చిపెట్టుకున్న గిన్నెకు గాజుపూత పూసి, గ్యాసుతో మండే చిన్న బట్టీలో పెడితే గంట అటూ ఇటూగా వెయ్యి డిగ్రీల దగ్గరకొస్తుంది. రంధ్రంలోంచి చూస్తే పూత తడిసిన బెల్లంలా మెరుస్తుంటుంది. అదే గుర్తు. పట్టకారుతో తీసి, రంపపు పొట్టు నింపిన ఇనుప డబ్బాలో పెట్టగానే భగ్గుమంటుంది. వెంటనే మూత! పావుగంట తర్వాత తీసి నీళ్లలో ముంచి, మసి తోమితే అసలు రంగు బయటపడుతుంది. పూత లేని చోట మట్టి బొగ్గులా నల్లబడుతుంది. తెల్ల పూత చల్లగాలికి బీటలువారి, ఆ సన్నని గీతల్లోకి పొగ దూరి సాలెగూడు గీసినట్టుంటుంది. రాగి కలిపిన పూతయితే మరీ వింత. గాలి అందితే పచ్చగా ఉండేది, మూత కింద గాలాడక రాగిచెంబులా తళతళలాడుతుంది. మంటకు ఆక్సిజన్ దొరక్క, పూతలో ఉన్నదాన్ని లాక్కుంటుందన్నమాట. సైన్సు మాస్టారు బోర్డు మీద అరగంట చెప్పే క్షయకరణం ఇదే!

ఇంతకీ ఇది బంగారుపాళ్యం పిల్లలకు నేర్పాలంటే జపాన్ నుంచి ఎవర్ని పిలవాలి? ఎవరినీ అక్కర్లేదు. ఆ ఊరి పరిసరాల్లోనే జనం పాండవ గుళ్లని పిలుచుకునే రాతి సమాధులున్నాయి. దక్షిణాదిలో ఆ కాలపు సమాధుల్లో దొరికే కుండలు లోపలా అంచూ నలుపు, బయట ఎరుపు. గాలి తగిలినచోట ఎరుపు, తగలని చోట నలుపు... రాకు డబ్బాలో జరిగే పనే. రెండు వేల ఏళ్లకు ముందే మనవాళ్లకు తెలిసిన విద్య. ఇక మొగిలి ఘాట్ ఎక్కితే పలమనేరు. టెర్రకోట బొమ్మలకు పేరుపడ్డ ఊరు. అక్కడి కుమ్మరికి థర్మామీటరు అవసరం లేదు. మంట రంగు చూసి కాలిందో లేదో చెప్పేస్తాడు. రాకులో కష్టమైన సంగతి అదే. మిగిలిన పట్టకారు, డబ్బా, మూత ఆయనకు ఒక పూటలో వచ్చేస్తాయి.

నాకు రాకు మీద ఆసక్తి దీనికే. కుమ్మరి ఇంటి పిల్లలు బడిలో ఇంటి పని పేరు చెప్పుకోవడానికే వెనకాడుతుంటారు. ఆ పిల్లాడి తాత బడి ఆవరణలో బట్టీ పక్కన నిలబడి 'ఇంకా కాలలేదు, ఆగండి' అంటే డ్రాయింగ్ మాస్టారితో సహా అందరూ ఆగాలి. ఆ పూటకు ఆయనే ఐవారు. చేసిన పనికి కూలి కూడా బడే ఇవ్వాలి సుమా, శాలువాతో సరిపెట్టకూడదు!

జాగ్రత్తల దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. పాత్రను బయటకు తీసేది పెద్దవాళ్లే. తోలు చేతితొడుగులు, ముఖానికి అడ్డు తప్పనిసరి. పిల్లలు నూలు బట్టల్లో, జడలు బిగించుకుని, గీసిన గీతకు అవతల నిలబడాలి. నైలాన్ చున్నీలొద్దు. సిలిండరు దూరంగా, నీళ్ల బకెట్లూ ఇసుకా దగ్గరగా ఉండాలి. పాతకాలం రాకు పూతల్లో సీసం వాడేవారు. కాబట్టి సీసం లేని పూతే అడిగి కొనాలి, పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. రంపపు పొట్టు దొరక్కపోతే చెనిక్కాయ పొట్టు, ఎండిన మామిడాకులు చాలు. ఆ మండలంలో మామిడాకులకేం కరువు!

మరో సంగతి ముందే చెప్పాలి. ఈ గిన్నెలో సాంబారు పోసుకోలేం. మట్టి గుల్లగా ఉంటుంది, పూత నిండా బీటలే. నీళ్లు ఊరతాయి, తిండికి పనికిరాదు. పెన్నులు పెట్టుకోవచ్చు. అదీ మిగిలితేనే! అంత వేడి నుంచి ఒక్కసారిగా గాల్లోకి వస్తే కొన్ని టప్పున పగులుతాయి. వారం రోజులు చేసిన గిన్నె ముక్కలైతే తొమ్మిదో తరగతి పిల్ల కళ్లనీళ్లు పెట్టుకోవడం మామూలే. అందుకే ఒక్కొక్కరితో రెండేసి చేయించాలి, మార్కులు మాత్రం వెయ్యకూడదు. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారు అరువు తీసుకునే బడుల్లో ఇదంతా కుదిరే పనేనా అంటారా? ఏడాదికి రెండు శనివారాలు చాలు. ఒకటి మలచడానికి, ఒకటి కాల్చడానికి. నడుమ ఆరబెట్టడం, మొదటి కాల్పు కుమ్మరి ఆవంలోనే అయిపోతాయి.

పగిలిన ముక్కల్ని పారేయకండి. దంచి, జల్లించి, వచ్చే ఏడాది మట్టిలో పావు వంతు కలపండి. వేడికి తట్టుకోవాలంటే రాకు మట్టిలో ఆ పెంకుల పొడే పడాలి.