అటక మీది వీణ

ఢిల్లీలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో అక్కడక్కడ ఒక పాత వీణ కనిపిస్తుంది. అది అమ్మమ్మదో, మేనత్తదో అయి ఉంటుంది. కొందరు దానిని అటక మీంచి దించి, దుమ్ము తుడిచి, ముందుగదిలో బొమ్మలా పెడతారు. మరికొందరు ఇల్లు మారేటప్పుడు కబాడీవాలాకు ఇచ్చేస్తారు. ఈ రెండూ సరికావని నా అభిప్రాయం. పాత వీణను బాగుచేయించి, వాయించడం నేర్చుకోవాలి.

సరోద్ విద్వాంసురాలు శరణ్‌రాణి సేకరించిన వాద్యాలతో 1980లో న్యూఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఒక గ్యాలరీ ఏర్పడింది. పాత వాద్యాలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి అటువంటి చోటు అవసరమే. అయితే అక్కడి వాద్యాలను మనం చూడగలం గాని వాయించలేం. మన ఇంటి వీణకు ఆ కట్టడి లేదు.

పాతది కనుక పాడైపోయిందని తొందరపడి అనుకోకండి. వీణకు వాయించే తీగలు నాలుగు, తాళం వేసే తీగలు మూడు, మెట్లు 24 ఉంటాయి. మెట్లను మైనంలో అమరుస్తారు. ఎండవేడికి మైనం మెత్తబడితే మెట్లు కదిలి స్వరం తప్పుతుంది. మైనం మళ్లీ వేయించవచ్చు. తుప్పుపట్టిన తీగలు మార్పించవచ్చు. ముఖ్యంగా చూడవలసింది కర్రను. దండి వంగినా, కుండ బీటలు వారినా బాగుచేయడం కష్టం. కాబట్టి పాత వీణ కొనే ముందు వీణ వాయించేవారికి తప్పక చూపించండి.

"ఈ వయసులో మాకు వస్తుందా?" అని మీరు అడగవచ్చు. మొదట్లో వేళ్లు నొప్పిపుట్టే మాట నిజమే. 1922లో ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందాన్ని నడిపిన గొప్ప వైణికులు. అంతటి విద్వత్తు మనకు రాకపోవచ్చు. కాని సరళీ స్వరాలు శ్రుతిలో పలికించడానికి అంత విద్వత్తు అక్కరలేదు. గురువు, రోజూ ఒక అరగంట, కొంత ఓపిక ఉంటే చాలు. ఆలస్యంగా చదువు మొదలుపెట్టి, పని ముగిశాక పుస్తకం పట్టుకుంటున్న మీకు ఈ సంగతి కొత్త కాదు.

నేర్చుకునే వీలు మీకు నిజంగా లేదా? అయితే ఆ వీణను నేర్చుకునేవారికి ఇవ్వండి. ఎవరింట ఉన్నా అది మోగుతూ ఉండాలి.