అవ్వల చరిత్ర ఎవరు వ్రాయవలెను?

శామీర్‌పేట చెరువునకు ఆవలి పల్లెలో తొంబదియేండ్లకు చేరువగా బ్రతికి, ఇంచుమించు ఇంటికొక బిడ్డకైనను బొడ్డు కోసి, పోయిన కార్తికమున కన్నుమూసిన మా అవ్వను ఊరంతయు పెద్దవ్వ యనియే పిలిచెడిది. ఆమె పుట్టిననాడు మేడ్చల్ తాలూకా అత్రాఫ్ బల్దా జిల్లాలోనిది. అనగా నిజాము ప్రభువు సొంత ఖర్చునకు శిస్తు చెల్లించెడి సర్ఫేఖాస్ భూమి. 1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వమున కలిసిపోవుటయు, 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడుటయు, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యగుటయు, చేలు వెంచర్లై, వెంచర్ల నడుమ ఔటర్ రింగు రోడ్డు సాగుటయు, అన్నియు ఆమె ఆ చెరువుకట్ట దాపుననే యుండి చూచినది.

మంత్రసాని పని కాన్పుతో తీరునది కాదు. తెల్లవారకముందే బాలింత యింటికి పోయి, పీట వేసికొని, కాళ్లు బారచాపి, పసికందును కాళ్లపై బోర్లా పరుండబెట్టి, సున్నిపిండితో వీపు నలచి, మోచేతితో వేడి చూచిన నీళ్లను చెంబుతో సన్నని ధారగా పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, నుదుట కాటుకచుక్క పెట్టువరకు ఆమె నోట మరొక మాట వచ్చెడిది కాదు. ఇరువదియొకటవ నాటి పురుడు వెళ్లువరకు ఇది నిత్యవ్రతము. ఆ దినమున శేరు బియ్యము, ఒక రవికగుడ్డ పుచ్చుకొనెడిది. ఎవరైనను నోటు చేతిలో పెట్టబోయినచో, "నా చేతులమీద పుట్టిన పోరికి నేను పైసలెట్ల దీస్కుంట బిడ్డా" అని వెనుకకు నెట్టెడిది. కాన్పు కష్టమని తోచిననాడు మాత్రము, పంతమునకు పోక, బండి కట్టించి, తాను కూడ ఎక్కి, పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయెడిది. ఆసుపత్రి కాన్పుల మేలును ఊరిలో మొదట చాటినది ఆమెయే.

సద్దుల బతుకమ్మనాడు వాడవాడకొక బతుకమ్మ వేరువేరుగా నిలుచుట ఆమెకు సరిపడెడిది కాదు. చెరువుకట్టపై అన్ని వాడల బతుకమ్మలను ఒక్కచోట పెట్టించి, చుట్టును అందరిచేత ఆడించుటకై ఆమె ఎందరి గడపలు ఎక్కి, ఎందరి అలుకలు తీర్చినదో మా యింటివారము ఎరుగుదుము. తాను సాధించినవానిలో ఇదియే పెద్దదని నా తలంపు.

ఆమె పోయిన పదునొకండవనాటికి కూడలిలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వెలసినది. అందు ఆమె ముఖము కలదు, జనన మరణ తేదీలు కలవు, కుమారుల పేర్లు కలవు. ఆమె చేసిన పని యేదో ఒక్క ముక్కయు లేదు. నాకు కలిగిన దుఃఖములో సగము దీనివలననే కలిగినది. చరిత్ర యనగా రాజులది కాదు, జనులది యని చూపుచు సురవరము ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను వెలువరించినది 1949లోనే గదా! తెలంగాణ సాయుధ పోరాటమున నిలిచిన స్త్రీల మాటలను వారి నోటనే విని, స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అచ్చు వేసినది. మా మేడ్చల్ బాటలోని బొలారంలో పుట్టి, శాసనసభ ఉపసభాపతియు, మంత్రియు అయిన టి.ఎన్. సదాలక్ష్మి బ్రతుకుకథను గోగు శ్యామల గ్రంథస్థము చేసినది. పోరాటమునకును శాసనసభకును పోని అవ్వల మాట యేమి? తుర్కపల్లిలోని జీనోమ్ వ్యాలీనుండి 2021లో కోవాగ్జిన్ టీకా దేశమంతటికి పోయినదని మన పిల్లలకు తెలియును, తెలియవలెను కూడ. ఆ ప్రయోగశాలల చుట్టుపట్ల పల్లెలలో ముత్తవ్వలను ఎవరి చేతులు పుట్టించినవో వారికి చెప్పువారు లేరు.

ఇందుకు ధనము లేదనుట చెల్లదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకముగా మనము చెల్లించుచునే యున్నాము. ఇండ్లు పెరిగినకొలది ఈ మండలములలో అదియు పెరుగును. అందు కొంత వెచ్చించి, మేడ్చల్, శామీర్‌పేట పాఠశాలల తొమ్మిదవ తరగతి పిల్లలచేత తమ తమ ఊరి వృద్ధస్త్రీల మాటలను ఉన్నవి ఉన్నట్లు, ఆ యాసలోనే వ్రాయించి, ప్రతియూరికొక పుస్తకముగా శాఖా గ్రంథాలయములయందు ఉంచవలెనని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరుచున్నాను. మా ఊరిలో అవ్వ యీడువారు ఇంకను కొందరు కలరు. వారి జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు. దసరా సెలవులలోనే ఈ పని మొదలుపెట్టవచ్చును.