చేప బతికితే చాలదు

కాన్పు గదిలో బిడ్డ ఏడవగానే మా పని అయిపోదు. బరువు తూస్తాము, ఊపిరి చూస్తాము, అంగిలి, వెన్ను, కాళ్లు చేతులు పరీక్షిస్తాము. బిడ్డ ప్రాణంతో ఉండటం వేరు, సరిగా ఉండటం వేరు. మన డ్రెయిన్ల ద్వారా సముద్రంలో కలిసే నీటిని పరీక్షించేటప్పుడు కూడా ఈ తేడా చూడాలని నా అభిప్రాయం.

మన దేశపు నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ వదిలే నీటిలో చేపలను 96 గంటలు ఉంచుతారు. నూటికి 90 బతికితే ఆ పరీక్షలో నెగ్గినట్టే. రసాయనాల కొలతలు వేరే ఉన్నాయి. కాని ఆ నీటిలో గుడ్లు పిల్లలవుతాయా అన్నది ఈ పరీక్ష చెప్పదు.

అది చెప్పగల జీవి ఒకటి ఉంది. సముద్రపు రాళ్లను పట్టుకుని ఉంటుంది, ఉండలా ఉండి ఒళ్లంతా ముళ్లే. సీ అర్చిన్ అంటారు. విశాఖపట్నం రాళ్ల తీరంలో ఉంటుంది. దానికి పొటాషియం క్లోరైడు (వార్డులో మేము తాళం వేసి ఉంచే మందే!) సూదితో ఎక్కిస్తే ఆడది గుడ్లను, మగది వీర్యాన్ని వదులుతుంది. రెండూ కలిపి, పరీక్షించవలసిన నీటిలో ఉంచుతారు. శుభ్రమైన సముద్రపు నీటిలో రెండు మూడు రోజులకే పిండం ఈదే పిల్ల అవుతుంది. విషముంటే మధ్యలో ఆగిపోతుంది, లేదా వంకరగా పెరుగుతుంది. కాస్తంత రాగి చాలు దాన్ని పాడుచేయటానికి. చెరువుల్లో నాచు చావటానికి వేసే మైలుతుత్తంలో ఉండేది రాగే. అమెరికాలో వ్యర్థజలాన్ని పరీక్షించే ప్రభుత్వ పద్ధతుల్లో ఈ గుడ్ల పరీక్ష కూడా ఒకటి.

"అది మన గోదావరి మొగల్లో బతకదు కదండీ" అనవచ్చు. నిజమే, దానికి వరద నీరు, బురద గిట్టవు. అయితే రోగి రక్తాన్ని ల్యాబుకు పంపమా? అలాగే యనమదుర్రు డ్రెయిను నీటినో, ఉప్పుటేరు నీటినో సీసాలో పట్టి, ఉప్పు సరిచేసి, విశాఖలో పరీక్ష చేయించవచ్చు.

మన దగ్గర దొరికే సాక్షి కూడా ఉంది. కాకినాడ అఖాతంలోని గుల్లలు నీటిని వడకట్టుకుని తింటాయి, అందులోని లోహాలు వాటి మాంసంలో చేరతాయి. అమెరికా తీరం పొడవునా ఇలాంటి ఆల్చిప్పలను ఏరి పరీక్షించటం 1976లోనే మొదలుపెట్టారు. షుగరు ఉన్నవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గుల్ల మూడు నెలల సగటు పరీక్ష వంటిది, సీ అర్చిన్ పిండం ఈ రోజు పరీక్ష వంటిది. రెండూ కావాలి.

ఫలితాలు ఆఫీసు ఫైళ్లలో ఉండిపోతే మాత్రం చేసి లాభం లేదు. డ్రెయిను గట్టునున్న ప్రతి పంచాయతీ బోర్డు మీద తెలుగులో పెట్టాలి. గుల్లలు ఏరి ఇల్లు నడుపుకునే తల్లులకు అందరికంటే ముందు తెలియాలి.

ఇది చదివి గర్భిణులు చేపలు మానవద్దు, చేప మంచి ఆహారం. ఫ్యాక్టరీ కాలువ, ఊరి మురుగు కలిసే చోట ఏరిన గుల్లలు మాత్రం వండుకోకండి. ఉడికిస్తే క్రిములు చస్తాయి గాని లోహాలు పోవు.