కనికరానికి ఒక తాడు కూడా కావాలి

వరద వస్తే మనం ప్రార్థిస్తాం, అన్నం పొట్లాలు పంచుతాం. కానీ కొట్టుకుపోతున్న మనిషికి అందించడానికి మన మందిరాల్లో ఒక్క తాడైనా ఉందా?

1996 నవంబరు 6 తుపానును, 2022 జూలై గోదావరి వరదను యానాం మరచిపోలేదు. 2019 సెప్టెంబరు 15న ఎగువన కచ్చులూరు దగ్గర బోటు మునిగితే, ముందుగా పడవలేసుకుని వెళ్లింది ఊరివాళ్లే. ఎక్కడైనా అధికారుల బృందం కంటే ముందు చేరేది పొరుగువాడే. మన ఏటి ఒడ్డున ఆ పొరుగువాడు చాలాసార్లు పేద జాలరి. ఉత్త ధైర్యంతో అతన్ని నీళ్లలోకి పంపడం న్యాయం కాదు.

కాపాడడానికి ఒక క్రమం ఉంది. ముందు గట్టు మీద నుంచే గెడ అందించాలి. అందకపోతే తాడు విసరాలి. అదీ కుదరకపోతే పడవలో వెళ్లాలి. నీళ్లలో దిగడం చిట్టచివరికి, అదీ శిక్షణ ఉన్నవారే. త్రో బ్యాగ్ అంటే తేలే తాడున్న సంచి: కొస పట్టుకుని సంచి విసిరితే తాడు విప్పుకుంటూ పోతుంది. లైఫ్ జాకెట్ ముందు వేసుకోవాల్సింది కాపాడేవాడే. ఈ పేర్లు అందరికీ తెలిసుంటేనే ఆ గందరగోళంలో అడిగిన వస్తువు చేతికొస్తుంది.

మంచి సమరయుడు జాలిపడి ఊరుకోలేదు. అతని దగ్గర నూనె, ద్రాక్షారసం, ఎక్కించుకోవడానికి వాహనం ఉన్నాయి.

యౌవనులారా, వచ్చే వరదకు ముందే ప్రతి మందిరంలో తాళ్లు, జాకెట్లు, టార్చిలైట్లు, ఈలలు ఉంచుదాం. జాలరి పెద్దలను పిలిచి ఏటి సుడుల గురించి నేర్చుకుందాం. జాలరి పేటలకు పరికరాలు, శిక్షణ ఇవ్వమని ప్రభుత్వాన్ని అడుగుదాం. అది దానం కాదు, వారి హక్కు.