పడకకుర్చీ గౌరవము

మన గృహములందు పెద్దలను గౌరవించు పద్ధతి యొకటి స్థిరపడినది. తండ్రికి 60 ఏండ్లు నిండగనే వీథియరుగుపై పడకకుర్చీ వేయుదుము. పొలమునకు పోవలదందుము, అంగడికి కుమారుడే పోవును, మంచినీళ్ల చెంబైనను మనుమడే తెచ్చి యిచ్చును. భోజనవేళ మరియొక గరిటె నెయ్యి వడ్డించి, కొత్తావకాయ దండిగ కలిపిపెట్టి, పితృఋణము కొంత తీర్చుకొంటిమని సంతోషింతుము. ఈ ప్రేమ నిజమైనదే. కాని యీ ప్రేమయే వారి గుండెకు చేటు తెచ్చుచున్నదని చెప్పక తప్పదు.

వయస్సు మీరిన కొలది రక్తనాళములు బిరుసెక్కును, రక్తపుపోటు హెచ్చును, నాళముల లోపలిగోడలయందు క్రొవ్వు పేరుకొనును. కదలిక లేని దేహమున నీ మార్పులు త్వరపడును. కాళ్ల కండరములు క్షీణించుటచే నాలుగడుగులు వేసినంతనే ఆయాసము తోచును. ఆయాసము వచ్చినదని పెద్దలను మరల కూర్చుండబెట్టుదుము. ఇట్లు విశ్రాంతియే రోగమునకు త్రోవ చూపుచున్నది.

ఇది వట్టి యూహ గాదు. లండను నగరమున రెండంతస్తుల బస్సులను నడపు డ్రైవర్లను, ఆ బస్సులలోనే దినమంతయు మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లను పోల్చిచూచి, డాక్టరు జెరెమీ మారిసు తన సహచరులతో గూడి 1953లో ఫలితములను ప్రకటించెను. కూర్చుండి పనిచేయు డ్రైవర్లకే గుండెజబ్బు హెచ్చుగ కనబడెను. తరువాత జరిగిన పెక్కు పరిశోధనలును శరీరశ్రమ గుండెకు మేలని బలపరచినవి.

వృద్ధులు వ్యాయామము మానవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పలేదా యని కొందరడుగవచ్చును. చెప్పినమాట నిజమే. కాని యా నిషేధము దేహమును అలయజేయు కఠినశ్రమకే గాని నడకకు గాదని మా యభిప్రాయము. దేహమును మిక్కిలి పీడింపని నడక ఆయువును, బలమును, మేధను, జఠరాగ్నిని వృద్ధిచేయునని సుశ్రుతసంహిత ప్రశంసించుచున్నది. నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థయు 65 ఏండ్లు దాటినవారు వారమునకు కనీసము 150 నిమిషములు మధ్యమశ్రమ చేయవలెననుచున్నది. అనగా దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేనంత వేగము చాలును. కుర్చీనుండి చేతుల యూత లేక పలుమారులు లేచి కూర్చుండుట వంటి అభ్యాసములు తొడలకు బలమిచ్చును. తూలిపడు భయమును తగ్గించును.

ఇక ఆహారము. దినమునకు 5 గ్రాములకు మించి ఉప్పు కూడదని ఆ సంస్థయు, హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థయు చెప్పుచున్నవి. అది ఒక చిన్న చెంచాడు మాత్రమే. మన యింట ఉప్పు చారులో కొంత, పచ్చడిలో కొంత, అప్పడములో, ఊరమిరపకాయలో, మజ్జిగలో కొంతగ చేరి లెక్కకందదు. ఆవకాయను బహిష్కరింపుడని మేమనము. అన్నను ఆంధ్రుడు వినడు. ముద్దముద్దకు గాక రుచిమాత్రముగ నుంచుకొనుడందుము. వనస్పతిని, మరల మరల కాచిన నూనెను వదలవలెను. నేతిని మితపరచవలెను. తెల్లన్నపు రాశి తగ్గించి పప్పు, ఆకుకూరలు, కూరగాయలు పెంచవలెను. జొన్నరొట్టెను, రాగిసంకటిని పేదతిండియని తోసిపుచ్చిన మనమే నేడు వాని విలువ తెలిసికొనవలసి వచ్చినది. చుట్ట త్రాగువారు దానిని పూర్తిగ మానవలెను; ఇందు మితము లేదు.

ఒక హెచ్చరిక. గుండెజబ్బు, మధుమేహము, మూత్రపిండముల వ్యాధి కలవారు వైద్యుని యడిగియే శ్రమకును ఆహారపు మార్పులకును పూనుకొనవలెను. నడక మొదలుపెట్టితిమని మందులు మానరాదు. ఱొమ్ము బిగిసినను, చల్లని చెమట పట్టినను, నొప్పి యెడమచేతికి గాని దవడకు గాని ప్రాకినను, వాయువని శొంఠికషాయమిచ్చి కాలము పుచ్చక తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆ గడియలలో జాగు ప్రాణాంతకము.

తల్లిని మరువరాదు. జీవితమంతయు పొయ్యికడ గడపినంతమాత్రమున ఆమెకు నడక అక్కఱలేదనుట పొరపాటు. రేపటి యుదయమున కుమారులు పడకకుర్చీని మడిచి గోడకానించి, తలిదండ్రులతో చెరువుగట్టుదాక నడచివత్తురుగాక. నలుబదియేండ్ల కుమారునికిని ఆ నడక అవసరమే.