మన వీరత్వం ఎవరి ఒంటి మీద?



సంక్రాంతి వెళ్లిన తరువాత ఒక ఆదివారం, రాయకోటలో ఆరాధన ముగిశాక, మందిరం బయట నలుగురు యౌవనస్థులు గట్టిగా వాదించుకుంటున్నారు. ఎవరి ఊరి ఎద్దు గొప్పది, ఎవరి ఊరి కుర్రవాళ్లకు గుండె ధైర్యం ఎక్కువ అన్నది వాదన. కాసేపటికి ఎద్దులు పోయి సినిమా హీరోలు వచ్చారు. ఆ తరువాత క్రికెట్ వచ్చింది. మనది సరిహద్దు ప్రాంతం కదా! బెంగళూరు పక్కనే ఉందని ఒకడు ఎర్ర జెర్సీ వైపు, ఉన్నది తమిళనాడులో అని ఒకడు పసుపు జెర్సీ వైపు, ఇంట్లో మాట్లాడేది తెలుగు కాబట్టి ఇంకొకడు హైదరాబాదు వైపు. "మీవాళ్లు పిరికివాళ్లు" అన్న ఒక్క మాటకు ఒకడు ఇంకొకడి చొక్కా పట్టుకున్నాడు. అక్కడే చెప్పులు వేసుకుంటున్న ఒక పెద్దమ్మ, "ఏమిరా నాయనా, మీలో ఎవరన్నా ఆడినారా? ఎద్దు ముందర నిలబడినారా? మరి దేనికి ఈ కొట్లాట?" అని అడిగింది. నలుగురూ సిగ్గుపడి నవ్వేసి వెళ్లిపోయారు. ఆమె ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

అభిమానం పాపమని నేను చెప్పబోవడం లేదు. రోజంతా టమాటా తోటలో వంగి పనిచేసినవాడికి, ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడికి సాయంత్రం నలుగురితో కలిసి కేకలు వేసే సంతోషం ఉండాల్సిందే. నా ప్రశ్న వేరు. మనం చాటుకునే ఆ ధైర్యం ఎవరిది? దాని ఖరీదు ఎవరి ఒంటి మీద పడుతోంది?

మన ఎద్దుల పండగనే చూడండి. హోసూరు వైపు ఎద్దు కొమ్ములకు రంగురంగుల తట్టీలు కట్టి, జనం మధ్యలోకి వదులుతారు. పరుగెత్తే ఎద్దు నుంచి ఆ తట్టీని లాక్కున్నవాడే వీరుడు. 2014 మే నెలలో సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధించింది. 2017 జనవరిలో చెన్నై మెరీనా తీరంలో లక్షల మంది యువత కూర్చున్నాక తమిళనాడు చట్టాన్ని సవరించింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఈ తీర్పుకు మూడు నెలల ముందు, 2023 ఫిబ్రవరి 2న, హోసూరు దగ్గర గోపసంద్రంలో ఏం జరిగిందో మనలో చాలామందికి గుర్తుంది. పండగకు అనుమతి ఆలస్యమైందని జనం జాతీయ రహదారి మీదికి వచ్చారు. గంటల తరబడి బండ్లు నిలిచిపోయాయి. బస్సుల మీద రాళ్లు పడ్డాయి, పోలీసులు నీటి ఫిరంగులు, బాష్పవాయువు వాడారు. ఆ బస్సుల్లో ఎవరున్నారు? మనలాంటివాళ్లే. పనికి పోయేవాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు, చంటిబిడ్డల తల్లులు.

ఎద్దు పొడిచిన ఒక కుర్రవాడిని నేను ఆసుపత్రిలో చూశాను. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి. తండ్రి లేడు. తొడలో దిగిన కొమ్ము అతన్ని మూడు నెలలు మంచాన పడేసింది. పండగ రోజు అతని ఫోటోను ఫ్లెక్సీలో "సింహం" అని వేసినవాళ్లలో ఇద్దరు మొదటి వారం పండ్లు తెచ్చారు. రెండో వారం ఎవరూ రాలేదు. పనిలోకి ఇంకొకరిని తీసుకున్నారు. మందులకు తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. "మా ఊరి పరువు నిలబెట్టినాడు అయ్యగారూ" అని ఆమె చెప్పినప్పుడు ఆ గొంతులో గర్వం ఉందో ఏడుపు ఉందో నాకు తెలియలేదు. ఊరికి పరువు దక్కింది, అప్పు మాత్రం ఆ ఇంటికే మిగిలింది.

సినిమా అభిమానం సంగతి కూడా ఇంతే. మనకు దగ్గరలోని కోలారులో 2016 ఆగస్టులో అవయవదానం మీద ఒక కార్యక్రమం జరిగింది. తిరుపతి నుంచి వెళ్లిన ఒక పవన్ కల్యాణ్ అభిమానికి, జూనియర్ ఎన్టీఆర్ అభిమానులకు మధ్య మా హీరో గొప్ప అంటే మా హీరో గొప్ప అని మాట పెరిగింది. అది కత్తిపోట్ల దాకా వెళ్లింది. ఆ యువకుడు చనిపోయాడు. తరువాత పవన్ కల్యాణ్ తిరుపతి వెళ్లి ఆ తల్లిదండ్రులను ఓదార్చారు. నన్ను బాధించే విషయం ఏమిటంటే, వాళ్లంతా కలిసింది చనిపోయాక కూడా ఇంకొకరికి ప్రాణం పోయడం ఎలాగో చెప్పే చోట. అంతకన్నా గొప్ప ధైర్యం ఏముంది? ఆ ధైర్యాన్ని పక్కన పెట్టి, తెర మీది ధైర్యం కోసం ఒక బిడ్డను పోగొట్టుకున్నాం. 2022 అక్టోబరులో అరియలూరు జిల్లాలో కోహ్లీ గొప్పా, రోహిత్ గొప్పా అని ఇద్దరు స్నేహితుల మధ్య తాగిన మైకంలో మొదలైన గొడవ ఇలాగే ఒక ప్రాణం తీసింది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. మన తెలుగు నేలలో అభిమాన సంఘం వెనుక చాలాసార్లు కులం నిలబడి ఉంటుంది. హీరోకు జై అన్న గొంతే కులానికి జై అంటుంది. తమిళనాడు బడుల్లో పిల్లల చేతికి కట్టే రంగు తాళ్లు కూడా ఆ భాషే మాట్లాడుతున్నాయి. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంటికి వచ్చి నరికిన తరువాత, ప్రభుత్వం జస్టిస్ కె. చంద్రు కమిటీని వేసింది. కులాన్ని చూపించే రంగు తాళ్లను బడిలోకి రానివ్వకూడదని ఆ కమిటీ 2024 జూన్‌లో సిఫారసు చేసింది. మా రంగు, మీ రంగు అన్న పిచ్చి ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చూడండి.

ఇది మన ఊళ్ల జబ్బు మాత్రమే కాదు. మన పిల్లలు ఎంతోమంది చదువులకు వెళ్లే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. కోడిగుడ్డు ఆకారపు బంతి, జట్టుకు మైదానంలో 18 మంది, తలకు రక్షణ లేకుండా ఒకరినొకరు ఢీకొనే ఆట. మా క్లబ్బువాళ్లు గట్టివాళ్లు, మీ క్లబ్బువాళ్లు మెత్తటివాళ్లు అని అక్కడి అభిమానులూ తరతరాలుగా వాదించుకుంటారు. ఆ గట్టితనానికి లెక్క కట్టాల్సిన రోజు వచ్చింది. జీలాంగ్ క్లబ్బుకు ఆడి ఎంతో పేరు తెచ్చుకున్న గ్రాహం ఫార్మర్ 2019లో చనిపోయారు. తలకు పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే మెదడు వ్యాధి ఆయనకు ఉన్నట్టు 2020లో వైద్యులు తేల్చారు. ఇప్పుడు అక్కడ తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగిన ఆటగాడు కనీసం 12 రోజులు ఆడకూడదన్న నియమం ఉంది. లేచి ఆడితేనే మగాడు అన్న మాటను కొంతైనా వెనక్కి తీసుకున్నారు.

అయితే ఆ ఆటలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచిన ధైర్యం ఢీకొట్టడంలో లేదు. 1993 ఏప్రిల్ 17న కాలింగ్‌వుడ్ క్లబ్బు సొంత మైదానంలో సెయింట్ కిల్డా ఆటగాడు నిక్కీ విన్మార్‌ను అక్కడి అభిమానులు జాతి పేరుతో తిట్టారు. ఆయన ఆస్ట్రేలియా ఆదివాసి. ఆ రోజు ఆయన జట్టే గెలిచింది. ఆట ముగిశాక ఆయన ఆ జనం వైపు తిరిగి, జెర్సీ పైకెత్తి, తన నల్లని చర్మాన్ని వేలితో చూపించారు. చెయ్యి ఎవరి మీదికీ లేవలేదు. 1995లో ఎసెండన్ ఆటగాడు మైకేల్ లాంగ్ కూడా మౌనంగా ఊరుకోనన్న తరువాత, జాతి దూషణకు వ్యతిరేకంగా ఆ లీగు నియమం తెచ్చింది. నియమం వచ్చినా జనం మారడానికి కాలం పట్టింది. 2015లో ఆడం గుడ్స్ అనే ఆదివాసి ఆటగాడిని మైదానం తరువాత మైదానంలో గేలి చేశారు. ఆ ఏడాదే ఆయన ఆట వదిలేశారు. 2019లో లీగు, క్లబ్బులు క్షమాపణ చెప్పాయి. అన్ని వేల గొంతుల ముందు ఒంటరిగా నిలబడ్డ ఆ మనుషులది ధైర్యమా, గుంపులో దాక్కుని అరిచినవాళ్లది ధైర్యమా?

మన నేలకు ఈ తేడా కొత్తది కాదు. కృష్ణగిరి జిల్లా అంతటా వీరగల్లులు కనిపిస్తాయి. కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియంలో కూడా ఉన్నాయి, మీ పిల్లలను ఒకసారి తీసుకుపోయి చూపించండి. ఆయుధం పట్టుకున్న మనిషి, కొన్నిటి మీద పశువులు, చనిపోయినవాణ్ణి పైకి తీసుకుపోయే దేవకన్యలు. పశువులను దోచుకోబోయి చచ్చినవాడికీ రాయి నిలబెట్టారు, దోపిడీని అడ్డుకుని చచ్చినవాడికీ నిలబెట్టారు. కాబట్టి పాతకాలమంతా మంచిదని నేను అనను. కానీ ఊరి పశువులను కాపాడబోయి పడిపోయినవాడు తన ఒళ్లు తానే ఇచ్చాడు, ఇంకొకరి బతుకు కోసం ఇచ్చాడు. ధైర్యాన్ని కొలవడానికి నాకు తెలిసిన గీటురాయి అదే.

ఆ గీటురాయి మీద నన్ను నేను గీసుకుని చూసుకుంటే తల దించుకోవాల్సి వస్తుంది. పన్నెండేళ్ల కిందట మా సంఘపు పెద్ద ఒకాయనతో కలిసి ఒక పల్లెకు వెళ్లాను. ఆయన దళితుడు, వయసులో నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. టీ అంగడిలో నాకు గాజు గ్లాసులో టీ ఇచ్చారు, ఆయనకు ప్లాస్టిక్ కప్పులో ఇచ్చారు. నేను చూశాను. నాకు అర్థమైంది. టీ తాగాను, డబ్బులిచ్చాను, బండి ఎక్కాను. దారిలో నేను ఏదో చెప్పబోతే, "పోనీలే అయ్యగారూ, మనకు మీటింగుకు పొద్దుపోతోంది" అన్నారు. నన్ను కాపాడాలని ఆయన అన్న మాట అది. అప్పటికి నేను సామాజిక న్యాయం మీద ఎన్నో ప్రసంగాలు చేసినవాణ్ణి. ఆ కుర్రవాళ్లు ఎద్దు ముందైనా నిలబడతారు. నేను ఒక గ్లాసు ముందు నిలబడలేకపోయాను.

పేతురు గుర్తొస్తాడు. గెత్సేమనేలో తనవాళ్లు పక్కన ఉన్నప్పుడు కత్తి దూసి, ప్రధాన యాజకుని దాసుడైన మల్కు చెవి నరికాడు. అదే రాత్రి, చలిమంట దగ్గర, ఒక పనిపిల్ల అడిగిన చిన్న ప్రశ్నకు వణికిపోయి ఆయనెవరో తెలియదన్నాడు. కత్తి ధైర్యం అంతవరకే. అలా కన్నీళ్లు పెట్టుకున్న మనిషే తరువాత మహాసభ ముందు ఆయుధం లేకుండా నిలబడ్డాడు. పడిపోయినవాడు లేవగలడన్న ఆశ నాకు అక్కడే దొరుకుతుంది. కొరింథు సంఘంలో నేను పౌలు మనిషిని, నేను అపొల్లో మనిషిని అని జట్లు కట్టినవాళ్ల సంగతీ మనకు తెలుసు. ఈ రోజు మా ప్రసంగీకుడు, మీ ప్రసంగీకుడు అని ఫ్లెక్సీలు కట్టే మనం మన యౌవనస్థులను ఏ ముఖంతో మందలించగలం?

కాబట్టి వచ్చే పండగలోపు మన సంఘాలు చేయగలిగినవి కొన్ని చెబుతాను. ఎద్దుల పండగకు పోవద్దు అంటే పిల్లలు వినరు. పోయేవాళ్లలో పద్దెనిమిది నిండనివాళ్లను ఆపుదాం. ప్రథమ చికిత్స నేర్చుకున్న పదిమందిని అక్కడ నిలబెడదాం. గాయపడినవాడు ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా, రెండో వారం, రెండో నెల కూడా ఆ ఇంటికి వెళదాం. ఫ్లెక్సీకి పెట్టే డబ్బు ఆ ఇంటి మందులకు పోవాలి. హీరో పుట్టినరోజున రక్తదానం చేసే అభిమానులు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లను మెచ్చుకుందాం, వాళ్లతో కలిసి చేయి చాపుదాం. అన్నిటికన్నా ముఖ్యం, మన పిల్లలకు గుంపు తప్పుగా అరిచినప్పుడు నోరు తెరవడం నేర్పుదాం. బడిలో తోటివాణ్ణి కులం పేరుతో ఎగతాళి చేస్తే, తన స్నేహితుల ముందే "అలా అనొద్దు" అన్న పిల్లవాణ్ణి ఆదివారం అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొడదాం. అలాంటి పిల్లవాడికి ఇంతవరకు మనం ఒక్క ఫ్లెక్సీ అయినా కట్టలేదు.

ఆ సంఘపు పెద్ద ఇప్పుడు లేరు. కిందటి నెల ఒక పని మీద ఆ పల్లె దారిలోనే వెళ్లాను. ఆ అంగడి ఇంకా ఉంది. నాకు గాజు గ్లాసు, నా వెనక నిలబడ్డ కూలీకి ప్లాస్టిక్ కప్పు. నాకూ కప్పులోనే ఇవ్వమన్నాను. అంగడివాడు నా ముఖం చూశాడు. ఎందుకని అడిగాడు. చెప్పాను. గొంతు వణికింది, కాళ్లు కూడా వణికాయి. అతను ఏమీ అనలేదు. కూలీ నా వైపు చూసి కొంచెం పక్కకు జరిగి బల్ల మీద చోటిచ్చాడు. ఇద్దరం కూర్చుని టీ తాగాము. పన్నెండేళ్లు ఆలస్యమైంది. మన పిల్లలకు అంత ఆలస్యం కాకూడదు.