డిస్‌ప్లే రాకపోతే తప్పు కుర్రాడిదేనా?

ముందే చెప్పేస్తున్నా, ఇది కాస్త కోపంగా రాస్తున్నది. ఆ కోపంలో సగం నా మీదే. మిగతా సగం మదర్‌బోర్డులు తయారుచేసే మహానుభావుల మీద.

2024 జూన్‌లో సంగతి. మా బాబాయి కొడుకు ఇంజినీరింగు రెండో సంవత్సరంలోకి వచ్చాడు. బాబాయి చీటీ పాడి 65 వేలు వాడి చేతిలో పెట్టి కంప్యూటరు కొనుక్కోమన్నాడు. "ల్యాప్‌టాప్ వద్దన్నయ్యా, నేనే అసెంబుల్ చేసుకుంటా" అన్నాడు వాడు. నాకు భలే ముచ్చటేసింది. జాబితా నేనే రాసిచ్చా: రైజెన్ 5 7600, బి650 బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యాములు రెండు, వగైరా. శనివారం పొద్దున్నే మొదలెట్టి మధ్యాహ్నానికి బిగించేశాడు. బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. మానిటరు మీద మాత్రం "నో సిగ్నల్".

బెంగుళూరులో ఉన్న నాకు ఫోను. మన జాతి తొలి మంత్రం చదివా, "ఆపి మళ్ళీ ఆన్ చెయ్". చేశాడు. రాలేదు. "ఇంకోసారి". రాలేదు. "బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, అది తీసి ఐదు నిమిషాలాగి పెట్టు". పెట్టాడు. రాలేదు. సాయంత్రం ఆరయ్యేసరికి నా దగ్గర మంత్రాలైపోయాయి. మంత్రాలైపోయిన మంత్రగాడు ఏం చేస్తాడు? భక్తుణ్ణి తిడతాడు. "ప్రాసెసరు పెట్టేటప్పుడు సాకెట్‌లో పిన్ను వంచేసి ఉంటావురా. నిదానంగా చెయ్యమన్నానా?" అన్నాను.

ఫోను స్పీకరులో ఉందని, బాబాయి పక్కనే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆయన ఏమీ అనలేదట. లేచి బయటికెళ్ళిపోయాడట. కుర్రాడు ఆ రాత్రి అన్నం తినలేదని పిన్ని చెప్పింది.

మర్నాడు ఒక షాపుకి పట్టుకెళ్ళాడు. అక్కడి మనిషి ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కి, అర నిమిషం చూసి తీర్పు చెప్పేశాడు, "బోర్డు పోయింది. మీరే బిగించారు కాబట్టి వారంటీ రాదు. కొత్త బోర్డు 12 వేలు అవుద్ది". సాకెట్ విప్పి చూసింది లేదు, ర్యాము మార్చి చూసింది లేదు.

వాడు ఏడుపు మొహంతో ఇంటికొచ్చి, ఊరికే మళ్ళీ ఒకసారి ఆన్ చేశాడు. ఇంతలో పిన్ని దోసెలు తినమని పిలిచింది. ఆఫ్ చెయ్యడం మర్చిపోయి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి తెర మీద అక్షరాలున్నాయి! "కొత్త ప్రాసెసరు పెట్టారు, వై కొట్టాలా ఎన్ కొట్టాలా అని అడుగుతోందన్నయ్యా" అన్నాడు ఫోనులో. వాడి గొంతు వణుకుతోంది.

జరిగింది ఏమిటంటే, అసలేమీ జరగలేదు. ఏ పార్టూ పోలేదు, ఏ పిన్నూ వంగలేదు. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎమ్5 సాకెట్‌తో డీడీఆర్5 మాత్రమే పనిచేస్తుంది. ఆ వేగాల దగ్గర ప్రాసెసరుకీ ర్యాముకీ మధ్య ఉన్న ఒక్కో తీగ మీద టైమింగు, వోల్టేజి సరిచూసుకోవాలి. దాన్నే మెమరీ ట్రెయినింగ్ అంటారు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు దీనికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. అది పూర్తయ్యేదాకా తెర నల్లగానే ఉంటుంది. ఒకసారి అయ్యాక ఫలితాలు దాచుకుంటుంది, తర్వాత అంతసేపు పట్టదు.

ఇప్పుడు నా ఘనకార్యాలు మళ్ళీ చూడండి. ఆపి ఆన్ చెయ్యమన్న ప్రతిసారీ, సగంలో ఉన్న ట్రెయినింగుని మొదటికి తెచ్చాను. బ్యాటరీ తీయించి, దాచుకున్నదేమైనా ఉంటే అదీ చెరిపించాను. అంటే రోగమే లేని మనిషికి మందులు పోసి పోసి, "ఇంకా లేవట్లేదేం" అని అడిగాను. షాపాయన అర నిమిషం చూశాడని తిడుతున్నానే, నేనూ వాడిచేత నిమిషం మించి ఎదురుచూడనివ్వలేదు.

సరే, నా తప్పు ఒప్పుకున్నా. మరి ఆ బోర్డు సంగతేంటి? నిమిషాల తరబడి కష్టపడి పనిచేస్తూ, ఆ ముక్క మనకి చెప్పదేం?

"లైట్లున్నాయి కదా" అంటారు. ఉన్నాయి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు. మావాడి బోర్డులో డీర్యామ్ లైటు వెలుగుతూనే ఉంది. ర్యాము పాడైనా అదే లైటు, అలాగే వెలుగుతుంది. ర్యాముని సరిచూసుకుంటున్నా అదే లైటు, అలాగే వెలుగుతుంది. ఆపరేషను జరుగుతున్నా, మనిషి పోయినా ఒకే ఎర్రదీపం చూపించే ఆసుపత్రిలో బంధువులు ఏమనుకోవాలి?

"ర్యాము సిద్ధం కాకుండా తెర మీద బొమ్మ ఎలా వేస్తాం బాబూ" అని ఇంకో వాదన. ఇది న్యాయమైన వాదనే. కానీ నేను బొమ్మ అడగలేదే! ఏఎమ్‌డీలో ఈ ట్రెయినింగు చేసేది ప్రాసెసరు లోపలే ఉన్న ఇంకో చిన్న ప్రాసెసరు. లైటు వెలిగించడం బోర్డుకి ఎలాగూ వచ్చు. అదే లైటు పని జరుగుతున్నప్పుడు మిణుకుమిణుకుమంటే చాలు, ఆగిపోయినప్పుడు నిలకడగా వెలిగితే చాలు. 1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీ, అన్నీ బాగుంటే ఒక చిన్న కూత కూసేది, తేడా ఉంటే ఇంకోలా కూసేది. ఇప్పటి బోర్డుల మీద ఆ స్పీకరు తగిలించుకునే పిన్నులుంటాయి, స్పీకరు మాత్రం చాలా డబ్బాల్లో ఉండదు. వెయ్యి రంగుల ఆర్‌జీబీ లైట్లకి మాత్రం ఏ లోటూ లేదు!

"మాన్యువల్ చదవాలి" అని మూడో వాదన. ఏఎమ్5 వచ్చిన కొత్తలో ఒక కంపెనీ, మొదటిసారి ఎంతసేపు ఆగాలో స్టిక్కరు మీద అచ్చేసి, ర్యాము స్లాట్ల మీదే అంటించింది. ర్యాము పెట్టాలంటే అది పీకాల్సిందే, అంటే చదవాల్సిందే. ఒక కాగితం ముక్క! అదిచాలు. అది ఉంటే మా ఇంట్లో ఆ శనివారం అలా గడిచేది కాదు.

ఇక మన సాఫ్టువేరు సోదరుల దగ్గరికొద్దాం. మనం రాసేవి మాత్రం తక్కువ తిన్నాయా? "సమ్‌థింగ్ వెంట్ రాంగ్, ప్లీజ్ ట్రై అగైన్" అని నేనే ఎన్నిసార్లు రాశానో. లోపల ఏం జరిగిందో మనకి లాగుల్లో ఉంటుంది. బయట ఉన్నవాడికి ఉండేది ఒక గుండ్రంగా తిరిగే చక్రం. వాడు మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు, రెండుసార్లు డబ్బు కడతాడు, చివరికి "నాకు కంప్యూటరు రాదు" అని తన్ను తానే తిట్టుకుంటాడు. యంత్రం మౌనంగా ఉంటే, తప్పు ఎప్పుడూ వాడేవాడి నెత్తినే పడుతుంది. అందులోనూ వయసులో చిన్నవాడి నెత్తిన. నా అభ్యంతరమంతా ఇక్కడే. చెప్పకపోవడం కూడా బగ్గే. దాన్ని "అలాగే డిజైన్ చేశాం" అని మూసెయ్యకూడదు.

ఇకమీదట ఎవరైనా "కొత్త సిస్టమ్, డిస్‌ప్లే రావట్లేదు" అంటే నేను పాటించే వరస ఇది. మొదటిది, డీడీఆర్5 అయితే ఆన్ చేసి పదిహేను నిమిషాలు ముట్టుకోవద్దు, టీ తాగి రండి. రెండోది, మానిటరు తీగ ఎక్కడుందో చూడండి. గ్రాఫిక్స్ కార్డుంటే కార్డుకే పెట్టాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, బోర్డుకి పెడితే ఎన్నాళ్ళున్నా బొమ్మ రాదు. మూడోది, బోర్డు పైమూల ప్రాసెసరుకి వెళ్ళే 8 పిన్నుల పవర్ తీగ పెట్టారా? దాన్ని మర్చిపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, అదే మోసం. నాలుగోది, పవర్ తీసేసి, ఒక్క ర్యాము మాత్రం, ప్రాసెసరు వైపునుంచి రెండో స్లాట్‌లో టక్కుమనేదాకా నొక్కి పెట్టి, మళ్ళీ పదిహేను నిమిషాలు. ఐదోది, బోర్డులోని బయాస్ ఆ ప్రాసెసరు కంటే పాతదేమో చూడండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. ఇవన్నీ అయ్యాకే పిన్నుల సంగతి. అప్పుడైనా లెన్సు పెట్టి చూసి మాట్లాడాలి, ఫోనులో ఊహించి కాదు.

తర్వాతి వారం ఊరెళ్ళాను. బాబాయి ముందే వాడికి సారీ చెప్పాను. "పోన్లే అన్నయ్యా" అన్నాడు వాడు. బాబాయి మాత్రం, "మరి నువ్వు ఇంజినీరువి కదరా, నీకూ తెలీలేదా?" అన్నాడు.

తెలీలేదు బాబాయ్. తెలీదని ఆ రోజే చెప్పుంటే సరిపోయేది.